చల్లగాలి మిషను ఖర్చు

భవానీపురం, విజయవాడ
2-3-1975

ప్రియమైన అన్నయ్యకి,

నీకూ వదినకూ పిల్లలకూ ప్రభువు తోడుగా ఉండాలి. మన సొలొమోను మే ఒకటో తేదీన గురుపట్టం పుచ్చుకుంటున్నాడని నీ ఉత్తరంలో చదివి స్టాఫ్ రూములోనే ఏడ్చేశాను. తోటి టీచర్లు ఏం కబురో అని కంగారుపడ్డారు. అమ్మ ఉంటే బెజవాడ నుంచి ఖరగ్‌పూరు దాకా రైల్లో కనబడిన ప్రతివాళ్ళకీ మనవడు స్వామి అవుతున్నాడని చెప్పుకుంటూ వచ్చేది.

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఇంట్లో మిషను మళ్ళీ మొరాయించింది. అదే, లాడ్జీ వాళ్ళు తీసేస్తుంటే మేం కొని పడకగది కిటికీలో పెట్టించిన చల్లగాలి మిషను. ఈసారి గ్యాసు కారిపోయిందట. సినిమా హాల్లో చల్లగాలి ప్లాంటు చూసే హనుమయ్య అనే అతను వచ్చి బాగు చేసిపోతుంటాడు. మంచి పనివాడే. కాని గ్యాసు ఎక్కించిన ప్రతిసారీ నా నెల జీతంలో ముప్పాతిక వంతు దానికే పోతోంది. ఒక నెల మాకు, ఒక నెల మిషనుకి అన్నట్టుంది బతుకు. వంట చేస్తున్నా, పిల్లలకి పాఠం చెబుతున్నా చెవి ఆ మోత మీదే ఉంటుంది. మోత మారితే చేతిలో పని వదిలి పరుగెడతాను.

ఇక రాయలేక రాయలేక రాస్తున్నాను. పట్టానికి మేం రాలేమేమో. మే నెలలో మిషను వదిలి మీ బావ కదలలేరు. నీకు తెలియంది కాదుగా. సొలొమోనుకి నువ్వే సర్ది చెప్పు.

నీ చెల్లెలు,
అమల

&nbsp;

రైల్వే క్వార్టర్స్, ఖరగ్‌పూరు
14-3-1975

చెల్లెలు అమలకి సంజీవరావు దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ వదినకి ఒకసారి చదివి వినిపించాను. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది.

నాకు తెలియంది కాదన్నావు. నాకేమీ తెలియలేదు. మా వర్క్‌షాపులో పెద్ద దొర గదిలో ఉంది అలాంటి మిషను. ఉద్యోగస్తులు ఇంట్లో పెట్టుకోవడం నేను ఎక్కడా చూడలేదు. బడి పంతులమ్మ జీతంతో అంత భోగం ఎందుకమ్మా? బావకి జరిగింది ఘోరమే. ఆటోనగర్‌లో బస్సు ట్యాంకు వెల్డింగు చేస్తుంటే అంటుకున్న మంట ఆయన ప్రాణం తీయలేదు, అది దేవుడి దయ. నేను ఆసుపత్రికి వచ్చి కట్లలో ఉన్న మనిషిని చూసి వెళ్ళినవాణ్ణే. కాని గాయాలన్నీ మానాయని క్రిస్మస్‌కి నువ్వేగా రాశావు. రెండేళ్ళవుతోంది. మానిన మనిషిని అలా చల్లటి గదిలో దాచిపెడితే ఒళ్ళు మొద్దుబారదా?

మనం కంకిపాడులో కాలవ గట్టున మంచాలేసుకుని పెరిగినవాళ్ళం. అంత ఎండగా ఉంటే కిటికీకి వట్టివేళ్ళ తడికె కట్టి నీళ్ళు చల్లుకోండి. ఖర్చూ లేదు, మోతా లేదు.

పట్టం రోజున పూజపాత్ర మేనత్త చేతుల మీదుగా అందుకోవాలని వాడి కోరిక. మిషను కోసం రాలేనన్నావని వాడికి ఎలా చెప్పను? ఇంకోసారి ఆలోచించుకో.

సంజీవరావు

&nbsp;

భవానీపురం
3-4-1975

అన్నయ్యకి,

ఈస్టరు దీవెనలు నీకు ముందుగా అందాల్సింది, నేనే రాయలేదు. కోపం వచ్చింది. ఇప్పుడు తగ్గింది, కొంత.

వట్టివేళ్ళు పొడి ఎండకి పనిచేస్తాయి అన్నయ్యా. కృష్ణ మీద గాలి ఆగిపోయిన రోజున ఇక్కడ గోడలే చెమటలు పోస్తాయి. ఉప్పు సీసాలో నీరవుతుంది, అగ్గిపుల్ల మెత్తబడి గియ్యదు. ఆ తడిగాలికి ఇంకాస్త తడి చేర్చి ఏం లాభం? మిషను మాటిమాటికీ చెడేదీ అందుకే. లోపల రేకు తుప్పు పట్టి నీళ్ళన్నీ గోడమ్మట దిగుతున్నాయి. ఒక్కోరోజు గొట్టాల మీద మంచు పేరుకుని గాలే రాదు. "టీచరుగారూ, ఇది గదిని చల్లబరచాలంటే ముందు గాలిలో నీళ్ళు పిండాలండి. దాని బతుకంతా ఆ పిండడంతోనే సరిపోతోంది" అంటాడు హనుమయ్య. నా బతుకు కూడా అంతేనయ్యా అన్నాను. నవ్వాడు.

మీ బావ ఒంటి సంగతి ఉత్తరాల్లో రాయడం ఆయనకి ఇష్టం ఉండదు. నేను రాసిన ప్రతిదీ పోస్టు చేసే ముందు చదివి వినిపించమంటారు. అందుకని ఇంతే.

మొన్న ఇంకో తలనొప్పి. కంకిపాడు నుంచి దానమ్మ పిన్ని కళ్ళ డాక్టరుకి చూపించుకోవడానికి వచ్చి, మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. ఒంటిపూట బడి కదా, నేను ఇంట్లోనే ఉన్నాను. మాట్నీకి ముందు హనుమయ్యకి ఖాళీ, అందుకని ఆ వేళకే వస్తాడు. మిషను నడిపి చూస్తున్నాం, తలుపులూ కిటికీలూ బిగించి. ఆ మోతలో పిన్ని తలుపు కొట్టింది ఎంతసేపటికీ వినబడలేదు. నేను తీసేసరికి ఆవిడ మొహం కందగడ్డలా ఉంది. నా వెనకాల హనుమయ్య బనీనుతో, చేతులకి గ్రీజుతో. మీ బావ తెర వెనక మంచం మీదే ఉన్నారు. ఎవరికీ కనబడనంటారు, లోపలికి తేవద్దని గొంతు సవరించి సైగ చేశారు. నేను పిన్నిని వరండాలోనే కూర్చోబెట్టాను. మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయింది.

పట్టం సంగతి మళ్ళీ అడగకు. రాలేను.

అమల

&nbsp;

ఖరగ్‌పూరు
19-4-1975

అమలకి,

దానమ్మ పిన్ని ఉత్తరం వచ్చింది. నీ ఉత్తరంలో ఉన్నదే ఆవిడా రాసింది, కాని ఆవిడ రాసిన తీరు వేరు. పట్టపగలు తలుపులు బిగించి ఉన్నాయట. ఎంతసేపు కొట్టినా తీయలేదట. తీశాక లోపల ఎవరో మగమనిషి బనీనుతో ఉన్నాడట. బావ కనబడలేదట. కంకిపాడులో నలుగురూ అనుకుంటున్నారట.

నేను నిన్ను అనుమానించడం లేదు. నా చేతుల్లో పెరిగినదానివి. కాని అతని పేరు నీ ప్రతి ఉత్తరంలోనూ ఉంది. అతను ఏమన్నాడో, నువ్వేమన్నావో, ఎవరు నవ్వారో కూడా ఉంది. బావ ఏమన్నాడన్నది మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు. ఇది నువ్వు చూసుకున్నావా?

ఇంటి సంగతి చక్కబెట్టాల్సింది ఆయన. అందుకే లాజరు బావకి విడిగా, కవరు అంటించి రాశాను. ఇందులో నీకు రాయనివి కొన్ని ఆయనకి రాశాను. మగవాళ్ళం మేం మాట్లాడుకుంటాం. నువ్వు మనసు కష్టపెట్టుకోకు.

సంజీవరావు

&nbsp;

భవానీపురం
27-4-1975

అన్నయ్యా,

నువ్వు ఆయనకి విడిగా రాసిన ఉత్తరం నేనే చదివాను.

దొంగతనంగా కాదు. ఆయన వేళ్ళు కాలి, మానేటప్పుడు లోపలికి ముడుచుకుపోయాయి. కవరు చింపలేరు, కాయితం మడత విప్పలేరు. గిన్నెలో అన్నం నేను కలిపిస్తే చెంచాతో తింటారు. రెండేళ్ళుగా ఆయనకొచ్చే ప్రతి ఉత్తరమూ నేనే చింపి, పక్కన కూర్చుని పైకి చదువుతాను. నీదీ అలాగే చదవడం మొదలుపెట్టాను. రెండో పేరాకి వచ్చేసరికి ఇదేమిటో అర్థమైంది. ఆగాను. "ఊఁ, చదువు" అన్నారు. చదివాను. చివరి దాకా, నీ సంతకం దాకా. నీ ఇంట్లో జరుగుతున్నదానికి నువ్వు కళ్ళు మూసుకున్నావా బావా అన్న వాక్యం కూడా.

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. తర్వాత అన్నారు, "ఈసారి హనుమయ్య వచ్చినప్పుడు తలుపు తీసిపెట్టు. నేను వరండాలో కూర్చుంటా. వచ్చేపోయేవాళ్ళందరూ చూస్తారు." అన్నట్టే నిన్న కూర్చున్నారు.

ఆయన వరండాలో కూర్చోవడం అంటే ఏమిటో నీకు తెలియాలి. ఇది ఆయనకి చదివి వినిపించను. కాలి మానిన చర్మానికి చెమట పట్టదు. వీపూ, రొమ్మూ, చేతులూ, మెడా, ఎక్కడా ఒక్క చుక్క రాదు. ఒంట్లో వేడి బయటికి పోయే దారి లేదు. నీకూ నాకూ చెమట పోసి గాలి తగిలితే హాయిగా ఉంటుంది. ఆయన మూత పెట్టిన కుండలా ఉడికిపోతారు. మొదటి వేసవిలోనే మాట తడబడి, కళ్ళు తేలేసి పడిపోయారు. చల్లటి గదిలో పెట్టకపోతే వేసవి దాటదని గుంటూరు డాక్టరు చెప్పాకే, ఆటోనగర్ వర్క్‌షాపులో ఆయన వాటా అమ్మి ఆ మిషను కొన్నాం. ఆయన్ని రైల్లో ఖరగ్‌పూరు దాకా మే నెలలో ఎలా తీసుకురాను? నీకు తెలుసనుకున్నాను. కట్లతో చూశావు కదా అనుకున్నాను.

హనుమయ్య వచ్చాడు. తెరిచిన తలుపు చూశాడు. ఎర్రగా కందిపోయి కుర్చీలో కూర్చున్న ఆయన్ని చూశాడు. మిషను మూత విప్పుతుండగానే అతనికి సంగతి అర్థమైంది. మూత విప్పిన మిషను విప్పినట్టే వదిలి, సంచీ సర్దుకుని, "వస్తానండి సారూ" అని వెళ్ళిపోయాడు. ఇక రాడు.

సొలొమోను కోసం ఆ రోజంతా ప్రార్థన చేస్తాను. నీకు రాయడానికి ఇంకేమీ లేదు.

అమల

&nbsp;

ఖరగ్‌పూరు
5-5-1975

అమ్మా అమలా,

నీ ఉత్తరం పట్టం ముందురోజు వచ్చింది. జేబులో పెట్టుకుని గుళ్ళో నిలబడ్డాను. బిషపుగారు వాడి తల మీద చెయ్యి పెట్టినప్పుడు అందరూ నాకేసి చూస్తున్నారు, ఈ తండ్రి ఎంత ధన్యుడో అని. నేను తల ఎత్తలేకపోయాను. పూజపాత్ర మీ వదిన అందించింది.

క్షమించమని రాయడానికి కూర్చుంటే ఆ మాట కాయితం మీద చాలా చిన్నదిగా కనబడుతోంది. చింపి మళ్ళీ రాస్తున్నాను. హనుమయ్యని రావద్దనకు. నేనే రాశానని, నాదే తప్పని చెప్పి పిలిపించు. రిపేరుకని మనియార్డరు పంపాను. తిప్పి పంపకు.

సెలవు దొరకగానే బయల్దేరతాను. సొలొమోను కూడా వస్తానంటున్నాడు.

అన్నయ్య

&nbsp;

భవానీపురం
15-5-1975

అన్నయ్యా,

నీ మనియార్డరు అందింది. తిప్పి పంపుదామనే అనుకున్నాను. పరిస్థితి అలా లేదు.

హనుమయ్య రాకపోతే ఆటోనగర్ నుంచి ఎవరినో తెచ్చాను. ఆయన పాత పనివాళ్ళు చెప్పిన మనిషే. డబ్బు పుచ్చుకుని, ఏవో తీగలు కలిపి స్విచ్చి వేశాడు. చిన్న మూలుగు, తర్వాత కమురు వాసన. లోపలి మోటారు కాలిపోయిందట. మద్రాసు పంపి చుట్టించాలట. ఆ ఖర్చుకి ఇంకో పాత మిషనే వస్తుందన్నాడు, తాపీగా. ఆ మర్నాడే మీ బావ పడిపోయారు. ఐసు దిమ్మ తెచ్చి పక్కన పెట్టి, తడిగుడ్డలు కప్పి, ఇరుగుపొరుగు విసిరితే మధ్యాహ్నానికి తెలివి వచ్చింది. ఇలా ఎన్నాళ్ళు?

ఆయన్ని పక్కింటి ఛాయాదేవిగారికి అప్పగించి సినిమా హాలుకి వెళ్ళాను. నా జన్మలో ఆ గుమ్మం తొక్కలేదు. హనుమయ్య వెనకాల ప్లాంటు రూములో ఉన్నాడు. మాట్నీ జనం చూస్తుండగానే అడిగాను, మళ్ళీ మా ఇంటికి రావయ్యా అని. తల అడ్డంగా ఊపాడు.

"మీ ఇంటికి నేను రాలేనండి టీచరుగారూ. మా అత్తగారిది కంకిపాడే. మా ఆడదాని చెవిన కూడా పడింది. మీరు మాత్రం సారుని ఇక్కడికి తీసుకొచ్చెయ్యండి. ఇక్కడా తలుపులు వేసే ఉంటాయి, కాకపోతే వెయ్యిమంది ఉంటారు. ఎవరూ ఏమీ అనుకోరు."

మీ బావ చచ్చినా రానన్నారు. చీకట్లో ఎవరు చూస్తారండీ అన్నాను. లైట్లు తీసేశాక లోపలికి తీసుకెళ్ళాడు హనుమయ్య, గోడ పక్కన, చల్లగాలి నేరుగా పడే చోట. మాట్నీ అయ్యాక ఫస్ట్ షో. ఫస్ట్ షో అయ్యాక సెకండ్ షో. అర్ధరాత్రి దాటాక ఇల్లు, డాబా మీద తడి దుప్పటి, పొద్దున ఐసు, మళ్ళీ హాలు. రోజూ ఇదే. మేనేజరుగారు టిక్కెట్టు ఒక ఆటకే తీసుకుంటున్నారు.

అదే బొమ్మ అన్నయ్యా, రోజుకి మూడుసార్లు. ఇది మరియమాత నెల. చీకట్లో నేను జపమాల చెప్పుకుంటుంటే తెర మీద హీరో చెట్ల చుట్టూ పరుగెడుతుంటాడు. దేవుడు ఏమనుకుంటున్నాడో. మొదట్లో ఇంటర్వెల్‌లో లైట్లు వేస్తే ఆయన తల మీద తువ్వాలు కప్పుకునేవారు. నిన్న ఎవరో ఆలస్యంగా వచ్చి పక్కన కూర్చుని, ఫైటింగు అయిపోయిందా అండీ అని అడిగాడు. "ఇంకా లేదు, ఈ పాట అయ్యాక" అన్నారు. రెండేళ్ళలో బయటి మనిషితో ఆయన మాట్లాడింది అదే.

మిషను మద్రాసు పంపించాలా వద్దా తెలియడం లేదు. నాకు కుదురు లేదు. ఇంట్లో ఉంటే హాలు ధ్యాస, హాల్లో ఉంటే ఇంటి ధ్యాస.

అమల

&nbsp;

ఖరగ్‌పూరు
26-5-1975

అమలకి,

క్షేమంగా చేరాం. నీ పదిహేనో తారీకు ఉత్తరం ఇక్కడ బల్ల మీద ఉంది. మేం మెయిలెక్కాక వచ్చిందట. అది ముందే చదివి ఉంటే బెజవాడలో అంత గొడవ పడేవాణ్ణి కాను. నువ్వు చూడని ముక్క రాస్తాను.

మీ ఇంటికి తాళం ఉంది. బావ ప్రాణం మీదకి వచ్చిందని రైల్లో ప్రతివాళ్ళకీ చెప్పుకుంటూ వచ్చాను. పక్కింటావిడ గోడ మీద నుంచి, "సినిమాకెళ్ళారండీ, రోజూ వెళ్తారు" అంది. దించిన సామాను మళ్ళీ ఎత్తుకుని, ఇప్పుడే స్టేషనుకి పోదాం పద అన్నాను సొలొమోనుతో. వాడు, "చూడకుండా ఒకసారి రాశారుగా నాన్నా" అన్నాడు. అంతే అన్నాడు.

తెల్లటి అంగీ వేసుకున్న స్వామి సినిమా హాలు గేటు దగ్గర నిలబడితే టిక్కెట్టు చింపేవాడు బెదిరిపోయి ఊరికే లోపలికి పంపాడు. వెనక వరసలో నిలబడి మిమ్మల్ని వెతికాను. ఇంటర్వెల్ లైట్లు వెలిగాయి. బావ మెడ, చెవులు, కుర్చీ చేతి మీద ఆ వేళ్ళు అప్పుడు చూశాను. ముందుకి అడుగు పడలేదు.

నువ్వు మమ్మల్ని చూసి గాభరాపడి మంచినీళ్ళు తేవడానికి వెళ్ళావే, అప్పుడు బావ నన్ను పక్కన కూర్చోమన్నాడు. నేను ఏదో అనబోతే ఆపాడు. "మీ చెల్లెలు ఆ ఉత్తరం ఒక్క అక్షరం మింగకుండా చదివింది. నాకు తెలుసు అది అబద్ధమని. అయినా నేను ఆపలేదు బావా" అన్నాడు. ఎందుకని అడిగాను. "వాళ్ళిద్దరూ మిషను విప్పి పనిచేస్తుంటే నేను మంచం మీద పడుకుని చూసేవాణ్ణి. నాకు అసూయగానే ఉండేది. ఆమె మీద కాదు. అతని చేతుల మీద. బస్సులు కట్టిన చేతులు నావి. ఒక మరమేకు బిగించలేను. ఆ కోపంలో వరండాలో కూర్చుని ఆ మనిషిని పంపేశాను. నీ ఉత్తరం నాకు సాకు అయింది."

ఇది నీకు చెప్పవద్దని అనలేదు. అందుకని రాస్తున్నాను. ఆయనకి చదివి వినిపిస్తావో లేదో నీ ఇష్టం.

తర్వాతిది నీకు తెలుసు. సొలొమోను ఆ వరసలోనే నిలబడి మీ ఇద్దరి తలల మీద చేతులుంచాడు. ముందు వరసలో సోడా తాగుతున్న ముసలాయన కూడా సీసా కింద పెట్టి తల వంచాడు. మా ఊళ్ళో అడుగుతున్నారు, కొత్త స్వామి మేనత్తకి మొదటి దీవెన ఏ గుళ్ళో ఇచ్చాడని. బెజవాడలో అంటున్నాను.

హనుమయ్యతో మాట్లాడాను. వాళ్ళింటికే వెళ్ళి, అతని భార్య ఎదురుగా చెప్పాను నేను చేసింది. ఆమె నాకు కాఫీ ఇచ్చింది కాని నా మొహం చూడలేదు. దానమ్మ పిన్నికి రాశాను, కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ మీ ఇంటికి రమ్మని.

మిషను మద్రాసు పంపించు. మిగతా ఖర్చు నాది. ఇది దానం కాదు.

అన్నయ్య

&nbsp;

భవానీపురం
13-6-1975

అన్నయ్యకి,

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. అసూయ అన్న దగ్గర నేను ఆగితే, "ఊఁ, చదువు" అన్నారు. ఇద్దరం నవ్వామో ఏడ్చామో చెప్పలేను.

మద్రాసు నుంచి మోటారు నిన్న వచ్చింది. దాని ఖర్చూ, రైలు ఖర్చూ, కొత్త గ్యాసూ, తుప్పు రేకు బదులు కొత్త రేకూ అన్నీ కలిపి చూస్తే మొదట మిషను కొన్న ఖరీదు దాటిపోయింది. నీ డబ్బుకి తోడు నేను ప్రావిడెంటు ఫండులో అప్పు తీసుకున్నాను. దీన్ని తలుచుకుంటే నిద్ర పట్టదు, తలుచుకోకుండా ఉండలేను. ఈ తడిగాలిలో మళ్ళీ ఎన్నాళ్ళు నడుస్తుందో ఎవరూ మాట ఇవ్వలేరు. హనుమయ్యా ఇవ్వలేదు. "వానాకాలం దాటితే గొప్పేనండి" అన్నాడు.

ఈసారి భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. శివపార్వతి ఆమె పేరు. వచ్చి వరండాలో కూర్చుంది, ముభావంగా. కాసేపయ్యాక లేచి లోపలికి వచ్చి తెర దాటి చూసింది. మీ బావ మంచం మీద కూర్చుని, "ఆ బోల్టు ముందు, తర్వాత ఈ పక్కది. లేకపోతే మోగుతుంది" అని హనుమయ్యకి చెబుతున్నారు. అతను, "ఇలాగా సారూ?" అని అడిగి బిగిస్తున్నాడు. ఆమె చాలాసేపు ఆయన చేతులకేసి చూసింది. వెళ్ళేటప్పుడు, "మా ఊరివాళ్ళకి నేను చెబుతానమ్మా" అంది నాతో. అది చాలు నాకు.

ఇవాళ మధ్యాహ్నం మిషను వేశాను. మోగలేదు. గది చల్లబడింది. ఇక ఐసు బరువు లేదు, రిక్షా బేరాలు లేవు, నేను నడుం వాల్చవచ్చు అనుకున్నాను. ఆయన కాసేపు పైకప్పుకేసి చూస్తూ పడుకుని లేచి కూర్చున్నారు.

"ఇవాళ శుక్రవారం కదూ. బొమ్మ మారుతుంది."

"మారితే మారనివ్వండి. ఇంత పోసి దీన్ని బాగు చేయించింది ఎందుకు?"

"ఇక్కడ నన్ను ఎవరూ కథ అడగరు" అన్నారు.

ఏమనను అన్నయ్యా? పొట్టి చేతుల చొక్కా వేయమన్నారు. రెండేళ్ళుగా పొడుగు చేతులదే. వేశాను. ఇప్పుడు గేటు దగ్గర నిలబడి రిక్షా కోసం చూస్తున్నారు, మాట్నీకి ఆలస్యమవుతోందని. నేను వరండాలో కూర్చుని ఇది ముగిస్తున్నాను. కరెంటు దండగ, మిషను ఆపేసి వస్తానంటే, "ఉండనీ, మనం వచ్చేసరికి గది చల్లగా ఉండొద్దూ" అంటున్నారు. లోపల మంచం ఖాళీ. అది దాని పాటికి తిరుగుతోంది.

రిక్షా వచ్చింది. వదినకి రాస్తాను.

అమల